ఘాటీలో లేచే ముల్లు

రంపచోడవరం నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరు పోయే దారిలో ఒక చిన్న బడిలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. సోమవారం తెల్లవారకముందే బయల్దేరడం, శనివారం పొద్దు వాలాక ఇల్లు చేరడం. బస్సు దొరికితే బస్సు, లేకపోతే జీపు. వానాకాలమంతా దాదాపు జీపే. నేనెక్కింది కూడా చాలాసార్లు ఒకటే జీపు, 1988 మోడల్ మహీంద్రా డీజిల్ బండి. దాని టాపు గుడ్డ మారింది, సీట్లు మారాయి, నడిపే మనిషి మాత్రం మారలేదు. స్టాండులో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. నేనూ అలాగే రాస్తాను.

రిటైరై మూడేళ్ళయింది. మొన్న కార్తీకంలో ఒక పెళ్ళికని అటు వెళ్ళి, టీ తాగుదామని జీపుల స్టాండు దగ్గర దిగాను. చింతచెట్టు కింద బాబాయికీ ఆయన అన్న కొడుక్కీ వాదన నడుస్తోంది. బాబాయికి మోకాళ్ళు పట్టేయడంతో ఏడాదిగా వారంలో సగం రోజులు బండి ఆ కుర్రాడి చేతిలోనే ఉంటోంది. నాలుగు రోజుల కిందట అతను చింతూరు సంత నుంచి తొమ్మిదిమందిని ఎక్కించుకొని వస్తుంటే, సరిగ్గా చీకటి పడే వేళకి ఘాటీ మధ్యలో డీజిల్ అయిపోయింది. అప్పుడు డీజిల్ ముల్లు సగం గీత మీద ఉందట.

నన్ను చూడగానే ఇద్దరూ లేచి బెంచీ మీద చోటిచ్చారు. ఆ పూట జరిగిన మాటలు నాకు గుర్తున్నంతవరకు ఇక్కడ పెడుతున్నాను. పాత బండి ఉన్న ఇంట్లో ఈ గొడవ ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు.

బాబాయి: మంచి సమయానికి వచ్చారు మాస్టారూ. మీరే చెప్పండి. ఆ ముల్లు ఆడక ఇరవై ఏళ్ళయింది. మీరు ఎక్కిన తొమ్మిదేళ్ళలో ఒక్కసారన్నా డీజిల్ అయిపోయి దారిలో ఆగామా?

నేను: లేదు. ఒక్కసారి కూడా ఆగలేదు.

అబ్బాయి: అవి నువ్వు నడిపిన రోజులు బాబాయ్. బండి అదే, ట్యాంకు అదే, ముల్లూ అదే. నీ చేతిలో ఆగనిది నా చేతిలో ఎందుకాగింది? అది చెప్పు ముందు.

బాబాయి: పొద్దున్నే సీటు ఎత్తి కర్ర ముంచావా? ముంచలేదు. ముంచకుండా బండి తీసినవాడికి ముల్లు సంగతి మాట్లాడే హక్కు లేదు.

ఆ కర్ర సంగతి చెప్పాలి. డ్రైవరు సీటు వెనక రెండు కొక్కేలకి అడ్డంగా తగిలించి ఉండేది. టేకు బద్ద, మూరకి కొంచెం తక్కువ, చేతుల్లో నలిగి నలిగి నల్లబడి నున్నగా ఉంటుంది. దాని మీద చాకుతో కోసిన గంట్లు. ఒక గంటుకి అయిదు లీటర్లు. ఆ లెక్క ఎలా వచ్చిందో ఒక వాన రోజు బాబాయే నాకు చెప్పాడు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, బండిని చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి, అయిదు లీటర్ల డబ్బాతో ఒక్కో డబ్బా పోయడం, నురగ తగ్గేదాకా ఆగడం, కర్ర దింపడం, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గంటు పెట్టడం. ఆ గంట్లు సమాన దూరంలో ఉండవు. ట్యాంకు అడుగు సన్నం కాబట్టి కింది గంట్లు ఎడంగా ఉంటాయి, మధ్యలోకి వచ్చేసరికి దగ్గరవుతాయి. అన్నిటికంటే కింది గంటుకి ఎర్ర పెయింటు. తడి ఎర్ర గంటు దగ్గరికి దిగిందంటే బండి బంకు వైపు తప్ప ఇంకెటూ కదలదు. కర్ర కూడా చెక్కదే కావాలి. ఇనప చువ్వతో ట్యాంకు అడుగు గీరుకుంటుంది, పైగా తడి జాడ ఇనుము మీద నిలవదు.

నేను: ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో ఫోర్డ్ మోడల్ టి కార్లకి కూడా చాలావాటికి ట్యాంకు ముందు సీటు కిందే ఉండేది. సీటు ఎత్తి, మూత తీసి, కర్ర ముంచి చూసుకునేవాళ్ళు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర కార్లు తయారయ్యాయి. వాటి యజమానులు ఇలాగే బతికారు. జర్మనీ వాళ్ళ బీటిల్ కారుకి కూడా 1960ల మొదటి దాకా పెట్రోలు ముల్లే లేదు. కాలి దగ్గర రిజర్వు మీట ఒకటి ఉండేది.

బాబాయి: విన్నావా? మా రోజుల్లో బుల్లెట్టుకి ముల్లుందా? చేతక్ స్కూటరుకి ఉందా? బండి గుటగుటలాడగానే వంగి రిజర్వు తిప్పుకొని బంకుకి పోయేవాళ్ళం. ఎవరూ అడవిలో పడుకోలేదు.

అబ్బాయి: రిజర్వు ఉంది కాబట్టి పడుకోలేదు. ఈ జీపుకి రిజర్వు కుళాయి ఏది? బుల్లెట్టు పెట్రోలు బండి బాబాయ్. పెట్రోలు అయిపోతే అర లీటరు పోసి నాలుగు కిక్కులు కొడితే లేస్తుంది. ఇది డీజిలు. అయిపోతే ఎయిర్ పడుతుంది. మాస్టారికి ఆ రాత్రి సంగతి చెప్పనా?

చెప్పమన్నాను. అతను చెప్పిన తీరు బట్టి ఆ రాత్రి అతన్ని ఇంకా వదల్లేదని తెలుస్తోంది.

అబ్బాయి: తుఫాను ముసురు పట్టి ఉంది. ఇంజన్ ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయి, దగ్గి, ఆగిపోయింది. ముల్లు సగం మీద ఉంది కదా, డీజిల్ అనుకుంటానా? ఫిల్టరు పట్టేసిందనుకున్నాను. సెల్ఫ్ కొట్టాను, మళ్ళీ కొట్టాను. బ్యాటరీ సగం అక్కడే దిగింది. తర్వాత సీటు ఎత్తి కర్ర పెడితే కొనకి కూడా తడి లేదు. ఫోన్లకి సిగ్నల్ లేదు. గంట తర్వాత ఒక లారీ వచ్చింది. ఆ డ్రైవరు మంచోడు, పైపు పెట్టి పది లీటర్లు తీసిచ్చాడు. పోస్తే స్టార్టవుతుందా? కాదు కదా. సెల్ఫోను లైటు ఒకరు పట్టుకుంటే, ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి, హ్యాండు పంపు కొట్టడం మొదలెట్టాను. ముందు ఉత్త గాలి. తర్వాత సబ్బు నురగలాగా బుడగలు. బుడగలు ఆగి డీజిల్ తీగలాగా వచ్చేదాకా బొటనవేలు వాచిపోయింది. ఆ స్క్రూ బిగించి, మైకో పంపు దగ్గర స్క్రూ వదులు చేసి మళ్ళీ అదే పని. అప్పటికీ లేవలేదు. నాజిల్ పైపుల నట్లు వదులు చేసి, వానలో మగాళ్ళందరి చేత బండిని పల్లం వైపు తోయించి, గేరులో వేసి వదిలితే అప్పుడు అందుకుంది. బండిలో ఒకామె ఒళ్ళో ఏడాది నిండని పిల్లాడున్నాడు బాబాయ్. వాడు తడిసి ఏడుస్తూనే ఉన్నాడు.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. టీ గ్లాసు చేతిలోనే ఉంది.

బాబాయి: ఎయిర్ తీయడం వచ్చు కాబట్టి బండి తెచ్చావు. అది నేర్పింది నేనే. కర్ర ముంచడం కూడా నేర్పాను. ఆ పని చేసి ఉంటే ఈ పని పడేది కాదు.

అబ్బాయి: రంపచోడవరంలో పొద్దున ముంచాల్సింది, ఒప్పుకుంటాను. చింతూరులో సాయంత్రం ఎలా ముంచేది? పైన ముసురు, జనం ఎక్కి కూర్చున్నారు. సీటు లేపి మూత తీస్తే ట్యాంకులోకి నీళ్ళు పడవా? డీజిల్లో నీళ్ళు కలిస్తే పంపుకీ నాజిళ్ళకీ ఎంత చేటో నువ్వే రోజుకి పదిసార్లు చెబుతావు. సరే, వాన లేదనుకో. ఘాటీలో బండి ముక్కు పైకెత్తి ఉన్నప్పుడు కర్ర పెడితే ఏ గంటు చూపిస్తుంది? డీజిలంతా వెనక్కి జారి ఉంటుంది కదా. నీ కర్ర చదును నేల మీద పొద్దున ఏడింటికి నిజం చెబుతుంది. నాకు సాయంత్రం ఆరింటికి, వంపులో, నడుస్తున్న బండిలో తెలియాలి.

బాబాయి: అందుకే లెక్క. పైకీ కిందికీ కలిపి ఒక ట్రిప్పుకి ఎంత తాగుతుందో నాకు తెలుసు. మైదానంలో లీటరుకి పన్నెండు ఇస్తుంది, ఘాటీలో తొమ్మిది, నిండా జనం ఉంటే ఎనిమిది. పొద్దున గంట్లు చూసుకుంటే సాయంత్రానికి ఎన్ని మిగులుతాయో వేళ్ళ మీద చెబుతాను.

అబ్బాయి: ఆ లెక్కకి కిలోమీటర్లు కావాలి. కిలోమీటర్ల మీటరు కేబులు తెగి ఎన్నాళ్ళయింది?

బాబాయి: నాకు మీటరెందుకురా? ఏ మలుపు నుంచి ఏ మలుపుకి ఎంతో నాకు తెలీదా?

అబ్బాయి: నీకు తెలుసు. నాకు తెలీదు. నేను అంటున్నది ఆ ఒక్క ముక్కే.

ఇక్కడ నాకు ఒక విమానం కథ గుర్తొచ్చింది. పిల్లలకి లెక్కల్లో కొలమానాల పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. అక్కడ వాళ్ళిద్దరికీ చెప్పాను.

నేను: 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద విమానం బయల్దేరింది. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767. దాంట్లో ఇంధనం చూపించే మీటర్లు పనిచేయడం లేదు. సరే, కర్రతో కొలుద్దామన్నారు. విమానానికీ రెక్కల కింద అలాంటి కొలత పుల్లలుంటాయి. కొలిచారు. 7,682 లీటర్లున్నట్టు తేలింది. ఆ కొలత సరైనదే. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లని కిలోలు చేయడానికి 0.8తో హెచ్చవేయాలి. వీళ్ళు 1.77తో హెచ్చవేశారు. అది పౌండ్ల లెక్క. ఆ దేశం అప్పుడే పౌండ్ల నుంచి కిలోలకి మారుతోంది. దాంతో కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది. 41,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం అయిపోయి, ఒకదాని వెనక ఒకటి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి.

బాబాయి: అయ్యో. పోయారా అందరూ?

నేను: లేదు. 69 మందీ బతికారు. పైలట్ గ్లైడర్ నడిపిన అనుభవం ఉన్నవాడు. ఇంజన్లు లేని విమానాన్ని తేలుస్తూ తీసుకెళ్ళి గిమ్లీ అనే ఊళ్ళో వైమానిక దళం వాడకం మానేసిన రన్‌వే మీద దించాడు.

అబ్బాయి: అదే నేననేది. మీటరు బాగుంటే ఇదంతా ఉండేదా?

బాబాయి: నేననేదీ అదే. కర్ర నిజమే చెప్పింది. లెక్క కట్టినవాడు తప్పు కట్టాడు. లెక్క సరిగ్గా కడితే మీటరు లేకుండానే ఆ విమానం చేరేది.

ఒకే కథ ఇద్దరికీ రెండు రకాలుగా పనికొచ్చింది. నాకైతే ఆ కథలో ఇంకొకటి కనిపిస్తుంది. ఆ విమానంలో మీటరు పోయిందని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే కొలిచారు. చచ్చిన మీటరు మనిషిని జాగ్రత్తపడేలా చేస్తుంది. ఈ జీపు ముల్లు అలాంటిది కాదు. అది ఒక రోజు పడుకుంటుంది, ఒక రోజు లేచి నిలబడుతుంది. అదే అడిగాను.

నేను: బాబాయ్, ముల్లు ఇరవై ఏళ్ళుగా ఆడదన్నారు. మరి ఆ రాత్రి సగం మీద ఎలా ఉంది?

బాబాయి: ఓ, అదా. అది ఘాటీలో లేస్తుందండి. ఇక్కడ నిలబెట్టి చూస్తే పడుకునే ఉంటుంది. మారేడుమిల్లి దాటి రోడ్డు గతుకులు మొదలవగానే మెల్లగా లేచి సగం దగ్గర నిలబడుతుంది. మళ్ళీ రోడ్డు బాగుపడితే పడుకుంటుంది. నేను దాన్ని చూడనే చూడను.

అబ్బాయి: నాకు ఈ మాట ఎప్పుడన్నా చెప్పావా?

బాబాయి: ముల్లు ఆడదని చెప్పాను కదరా.

అబ్బాయి: ఆడదన్నావు. లేస్తుందని చెప్పలేదు. ఆ రోజు చింతూరులో పడుకునే ఉంది, డీజిల్ కొట్టిద్దామనే అనుకున్నాను. ఇంతలో జనం ఎక్కారు, బండి కదిలింది. ఘాటీ ఎక్కుతుంటే ముల్లు మెల్లగా లేచింది. బాబాయి ఈమధ్య బాగుచేయించాడు కాబోలు, పర్లేదు సగం ఉంది అనుకున్నాను. నువ్వు ఇరవై ఏళ్ళుగా దాని గుణం తెలుసుకొని బండి నడిపావు. ఆ గుణం నీ బుర్రలో ఉంది, బండిలో లేదు. రేపు నీ బదులు నేను, నా బదులు ఇంకొకడు. రాత్రిపూట ఎవరికో జ్వరమో పురిటి నొప్పులో వస్తే తాళం లాక్కొని ఎవడు దొరికితే వాడు నడుపుతాడు. వాడు చూసేది కర్రనా, ముల్లునా?

బాబాయి జవాబు చెప్పలేదు. నాకు తెలిసి ఆ వాదనకి జవాబు లేదు కూడా. సొంతానికి ఒక్కడే నడుపుకునే బండికి ముల్లు లేకపోయినా పర్లేదు. పదిమందిని ఎక్కించుకునే బండి, పలువురు నడిపే బండి అలా ఉండకూడదు. ఈ విషయంలో నేను కుర్రాడి పక్షం, ఆ మాట అక్కడే చెప్పాను. అయితే బాబాయి వాదన అక్కడితో ఆగలేదు, ఈసారి ఎత్తిన సంగతి మాత్రం బరువైనది.

బాబాయి: సరే, బాగుచేయించాలి. ఎవడు చేస్తాడు? ట్యాంకు విప్పాలంటారు. లోపలి ఫ్లోటుని పట్టుకున్న బిళ్ళకి అయిదు స్క్రూలున్నాయి. ముప్పై ఏళ్ళు దాటింది, తుప్పు పట్టి ఉంటాయి. స్క్రూడ్రైవరు పెడితే రెండు విరుగుతాయి. విరిగినదాన్ని డ్రిల్లు వేస్తామంటారు, డీజిల్ ట్యాంకు మీద! కొత్త వాషరు సరిగ్గా కూర్చోదు, అప్పటినుంచి సీటు కింద డీజిల్ చెమ్మ, బండంతా వాసన. పిల్లలు వాంతులు చేసుకుంటారు. కొత్త ఫ్లోటు తెస్తే అది ఇంకో బండిది అవుతుంది. దాని కాయిల్ లెక్క వేరు, మన మీటరు లెక్క వేరు. నిండా పోస్తే ముప్పావు చూపిస్తుంది, ఖాళీ అయితే పావు చూపిస్తుంది. పడుకున్న ముల్లు నయమా, అబద్ధాల ముల్లు నయమా?

ఇందులో ఒక్క మాట కూడా తీసేయడానికి లేదు. పాత ట్యాంకుల మీద స్క్రూలు విరగడం నిజం. మార్కెట్లో దొరికే ఫ్లోటు యూనిట్ నిరోధం మీటరుకి సరిపోకపోతే రీడింగు తప్పడమూ నిజం. డబ్బు పోసి మరీ అబద్ధం కొనుక్కున్నట్టవుతుంది.

అబ్బాయి: విప్పేది ఆఖరికి. ముందు ఎక్కడ పోయిందో చూడాలి కదా. పదండి మాస్టారూ, ఇక్కడికి నాలుగంగల్లో ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు.

ముగ్గురం జీపు వేసుకొని వెళ్ళాం. ఎలక్ట్రీషియన్ ముప్పై దాటని మనిషి, మాట తక్కువ. డ్రైవరు సీటు ఎత్తాడు. కింద ట్యాంకు, దాని నెత్తిన గుండ్రటి బిళ్ళ, అయిదు స్క్రూలు, మధ్యలో ఒక వైరు. అంతే ఉంది. ఆ బిళ్ళ కింద ట్యాంకు లోపల ఒక తేలే బుడ్డి, అదే ఫ్లోటు, దానికి ఒక కడ్డీ, కడ్డీ ఆ చివర ఒక తీగచుట్ట మీద జారే నాలుక. డీజిల్ తగ్గితే బుడ్డి దిగుతుంది, నాలుక జరుగుతుంది, నిరోధం పెరుగుతుంది, ముల్లుకి పోయే కరెంటు తగ్గి అది వాలుతుంది. డాష్‌బోర్డు మీటరులో ఉన్నది వేడెక్కితే వంగే రెండు లోహాల బద్ద. అందుకే తాళం తిప్పగానే ఆ ముల్లు గభాలున లేవదు, మెల్లగా పాకుతుంది.

ఎలక్ట్రీషియన్: తాళం ఆన్ చెయ్యి.

కుర్రాడు చేశాడు. ముల్లు పడుకునే ఉంది. ఎలక్ట్రీషియన్ ట్యాంకు మీది వైరు పీకి, దానికి ఒక చిన్న బల్బు తగిలించి, బల్బు రెండో కాలు బండి బాడీకి ఆనించాడు. వైరుని నేరుగా బాడీకి ఎందుకు ఆనించలేదని అడిగాను. మీటరులో తీగ మాడిపోతుందండి, మధ్యలో బల్బుంటే కరెంటు హద్దులో ఉంటుంది అన్నాడు. బల్బు వెలిగింది. డాష్‌బోర్డు మీద ముల్లు నెమ్మదిగా, చీమ పాకినట్టు పైకెక్కడం మొదలెట్టింది. ఇరవై ఏళ్ళుగా చచ్చిందనుకున్న ముల్లు. బాబాయి ముందుకి వంగి చూశాడు.

ఎలక్ట్రీషియన్: మీటరు బాగుంది. వైరులో కరెంటు కూడా ఉంది. ఇక ఫ్లోటన్నా పోవాలి, ఎర్తన్నా పోవాలి.

వైరు మళ్ళీ ట్యాంకుకి తగిలించి, ఒక మూరెడు కొత్త వైరు తీసుకొని ఒక కొస ఆ బిళ్ళ అంచుకి నొక్కాడు, రెండో కొస ఛాసిస్ మీద మెరిసేలా గీకిన చోట పెట్టాడు. ముల్లు మళ్ళీ కదిలింది. పావు దాటి ఆగింది. కుర్రాడు కర్ర ముంచాడు. రెండు గంట్లు దాటి తడి.

ఎలక్ట్రీషియన్: ఫ్లోటు బంగారంలా ఉంది. ట్యాంకు పట్టీలు తుప్పు పట్టి ఎర్తు పోయింది, అంతే. స్క్రూ ఒక్కటి కూడా విప్పక్కర్లేదు.

బాబాయి: మరి ఘాటీలో ఎందుకు లేస్తుంది? ఎర్తు లేనిది గతుకుల్లో మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మంచి ప్రశ్న. ఎర్తు పోతే ముల్లు వాలాలి గాని లేవకూడదు. ఎలక్ట్రీషియన్ దానికి వెంటనే జవాబు చెప్పలేదు. వైరుని వేళ్ళతో తడుముకుంటూ సీటు కింద నుంచి డాష్‌బోర్డు వైపు వెళ్ళాడు. సీటు చట్రం కాలు బాడీని తాకే చోట ఆగి, మమ్మల్ని పిలిచి చూపించాడు. వైరు మీది తొడుగు ఒరుసుకొని ఒరుసుకొని పోయి, బియ్యపు గింజంత మేర రాగి తళతళలాడుతోంది. బండి నిలబడి ఉంటే ఆ రాగికీ ఇనుముకీ వెంట్రుక వాసి ఎడం. గతుకు తగిలినప్పుడల్లా ఒకసారి తాకుతుంది, వదులుతుంది. తాకిన క్షణం మీటరుకి ట్యాంకు నిండినట్టే లెక్క, వదిలిన క్షణం ఖాళీ అయినట్టే. మీటరులోని బద్ద నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారేది కాబట్టి ఆ రెండింటికీ మధ్యన, సగం దగ్గర, నిలబడిపోతుంది. ఆ సగం డీజిల్‌ది కానే కాదు. రోడ్డు గతుకులు ఎంత తరచుగా తగులుతున్నాయో దాన్ని ఆ ముల్లు కొలుస్తోంది.

ముప్పైమంది పిల్లలకి ఎన్నో ఏళ్ళు విద్యుత్తు పాఠం చెప్పినవాణ్ణి, ఆ బియ్యపు గింజంత రాగిని చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. తొమ్మిదిమందినీ ఆ పసివాణ్ణీ వానలో నిలబెట్టింది అది.

పని పూర్తికావడానికి గంట కూడా పట్టలేదు. పాడైన చోట వైరు కోసి అతికి, స్లీవు తొడిగి, సీటు కాలికి దూరంగా క్లిప్పు వేశాడు. ట్యాంకు బిళ్ళ నుంచి ఛాసిస్‌కి కొత్త ఎర్తు వైరు బిగించి, రెండు కొసల మీదా గ్రీజు రాశాడు. మొత్తం నూట ఎనభై రూపాయలు తీసుకున్నాడు.

కుర్రాడు ఇక బయల్దేరదామన్నాడు. బాబాయి ఒప్పుకోలేదు.

బాబాయి: ఆగు. ముల్లు ఆడింది సరే. ఏ గీతకి ఎన్ని లీటర్లో నీకు తెలుసా? మీటరు మీద సగం అన్నది ట్యాంకులో సగం కావాలని ఎక్కడా లేదు. కర్రకి గంట్లు పెట్టినట్టే దీనికీ పెట్టాలి. లేకపోతే ఇంకో రకంగా మోసపోతావు.

అబ్బాయి: ఇప్పుడా?

బాబాయి: ఇప్పుడే. బంకు ఎదురుగానే ఉంది.

ఇది మాత్రం పూర్తిగా బాబాయి గెలిచిన వాదన. మరమ్మతు చేయించినవాళ్ళలో చాలామంది ఈ పని చేయరు. ముల్లు కదిలింది కదా అని సంబరపడి వెళ్ళిపోతారు. బాబాయి బండిలో ఉన్న డీజిలంతా డబ్బాలోకి దించాడు, ఇంజన్‌కి ఎయిర్ పట్టకుండా పైపు నోరు మునిగి ఉండేంత మాత్రం వదిలేసి. ఆ తర్వాత బంకులో చదును చోట నిలబెట్టి, అయిదేసి లీటర్లు పోయించాడు. ప్రతిసారీ తాళం ఆన్ చేసి, ముల్లు పాకడం ఆగేదాకా రెండు నిమిషాలు ఆగి, ముల్లు ఎక్కడుందో కుర్రాడి చేత మీటరు అద్దం మీద సన్నటి తెల్ల చుక్క పెట్టించాడు. పక్కనే కర్ర ముంచి గంటు సరిచూశాడు. బంకు కుర్రాళ్ళు విసుక్కున్నా ఆయన వినలేదు.

తేలిన సంగతులు ఇవి. ముల్లు అడుగు గీత మీద ఉన్నప్పుడు కర్ర ఎర్ర గంటు దగ్గర తడిగా ఉంది, అంటే ఇంకా అయిదు లీటర్లకి కొంచెం తక్కువ ఉంది. తర్వాతి పది లీటర్లకి ముల్లు చాలా దూరం పాకింది. సగం గీత చేరేసరికి ఇరవై లీటర్లు పోయాల్సి వచ్చింది. సగం నుంచి పైకి మాత్రం పోసిన కొద్దీ బద్ధకంగా కదిలింది. అందువల్ల ఆ బండిలో ముల్లు నిండు నుంచి సగానికి వచ్చేదాకా బాగా నిదానంగా దిగుతుంది, సగం దాటాక తొందరగా పడుతుంది. ఇది తెలియనివాడు సగం ఉంది కదా అని ధీమాగా ఘాటీ ఎక్కేస్తాడు.

అబ్బాయి: కర్ర ఇక తీసేద్దామా బాబాయ్?

బాబాయి: కొక్కేనికే ఉండనీ. పొద్దున ఒక్కసారి ముంచు. ముల్లూ కర్రా ఒకే మాట చెప్పినన్నాళ్ళూ ముల్లుని నమ్ము. ఏ రోజు తేడా వస్తుందో ఆ రోజు ఎర్తు చూసుకో.

కుర్రాడు తలూపాడు. మారేడుమిల్లి దాటి ఘాటీలో కొంత దూరం దాకా నన్ను ఆ బండిలోనే దింపారు. కుర్రాడు నడిపాడు, బాబాయి పక్కన కూర్చున్నాడు. గతుకుల రోడ్డు మొదలైనప్పుడు ముగ్గురం మాటలాపి మీటరు వైపే చూశాం. ముల్లు నాలుగో తెల్ల చుక్క మీద ఉంది. దిగేదాకా అక్కడే ఉంది.

మీ ఇంట్లో కూడా ముల్లు ఆడని పాత బండి ఉంటే, ట్యాంకు విప్పకముందు ఒక మూరెడు వైరుతో ఎర్తు ఇచ్చి చూడండి, ట్యాంకు నుంచి డాష్‌బోర్డు దాకా ఆ వైరుని వేళ్ళతో తడిమి చూడండి. బాగుచేయించడం ఇంకా కుదరకపోతే, ముల్లు ఎప్పుడు పడుకుంటుందో ఎప్పుడు లేస్తుందో చెప్పకుండా ఆ బండి తాళం ఎవరి చేతికీ ఇవ్వకండి.